నాన్న నీరసానికి ఏ సీసా మూత తీయాలి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా నాన్నగారికి 66 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగరు ఉంది. తొమ్మిది వారాల కిందట బైపాస్ చేశారు. మూడో రోజు గుండె లయ తప్పిందని అమియోడరోన్ మొదలుపెట్టి, కొన్ని వారాలు వాడించి ఆపేశారు. ఇప్పుడు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, మెటోప్రొలోల్, అటోర్వాస్టాటిన్, పాంటోప్రజోల్, మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు. ఎకో బాగుంది, పంపింగ్ 55 శాతం అన్నారు. కుట్లు మానాయి. కానీ మనిషిలో ఓపిక లేదు. స్నానం చేసొచ్చి పది నిమిషాలు మంచం మీద కూర్చుంటే గానీ మాట రావడం లేదు. 64 కిలోలుండేవారు, 58కి దిగారు. డిశ్చార్జి కాగితంలో హిమోగ్లోబిన్ 9.8 అని రాసి ఉంది, ఆ తర్వాత చేయించలేదు. మా అక్క ఐదు సీసాలు తెచ్చింది: కోఎంజైమ్ క్యూ10, చేపనూనె, బయోటిన్, విటమిన్ ఇ కలిసిన మల్టీవిటమిన్, ప్రొటీన్ పొడి, శక్తి కోసమని అశ్వగంధ కలిసిన మూలికల క్యాప్సూళ్లు. మా ఆయనేమో ఐరన్ టానిక్ పట్టమంటున్నారు. వీటిలో ఏవి వాడాలి? వద్దంటే అక్క నొచ్చుకుంటుంది, అదొక తలనొప్పి.

సమాధానం:

అమ్మా, మీరు ఏ సీసా అని అడిగారు. నేను ముందు ఏ నీరసం అని అడుగుతాను. మన దగ్గర ఒక్క మాటతో నాలుగైదు బాధలు చెప్పేస్తాం. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చినా నీరసమే, లేచి నిలబడితే కళ్లు తిరిగినా నీరసమే, కాళ్లు పీకుతున్నా నీరసమే, పొద్దున లేవబుద్ధి కాకపోయినా నీరసమే. వైద్యుడికి మాత్రం ఇవి నాలుగూ నాలుగు వేర్వేరు దార్లు. ఈ రాత్రి నాన్నగారి పక్కన కూర్చుని, స్నానం తర్వాత ఆయనకు సరిగ్గా ఏమవుతోందో ఆయన మాటల్లోనే చెప్పించుకోండి. ఊపిరి అందడం లేదా, కళ్లు మసకేస్తున్నాయా, కండల్లో బలం లేదా, మనసు లేదా? ఆ జవాబుతో సగం దారి తెలుస్తుంది.

తొమ్మిది వారాలకు అలసట ఉండటం వింతేమీ కాదు. రొమ్ము ఎముకను నిలువునా కోసి తీగలతో బిగిస్తారు. అది గట్టిగా అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తి బలం రావడానికి మూడు నెలల దాకా పడుతుంది. అయితే ఆ అలసట వారం వారం కొంచెమైనా తగ్గుతూ రావాలి. పోయిన నెల నాన్నగారు వీధి గుమ్మం దాకా వెళ్లి, ఈ నెల మూల మలుపు దాకా వెళ్తున్నారంటే నేను పెద్దగా కంగారు పడను. ఉన్నచోటే ఉన్నారన్నా, వెనక్కి వెళ్తున్నారన్నా మాత్రం ఏదో వెనక్కి లాగుతోందన్నమాట. ఆరు కిలోలు తగ్గడం, 9.8 దగ్గర వదిలేసిన హిమోగ్లోబిన్, ఈ రెండూ చూస్తే నాకు అలాగే అనిపిస్తోంది.

ముందు రక్తం సంగతి. మగవాళ్లలో హిమోగ్లోబిన్ 13 కన్నా తక్కువైతే రక్తహీనతే. గుండె ఆపరేషన్‌లో రక్తం పోతుంది, గుండె-ఊపిరితిత్తుల యంత్రం మీద పెట్టినప్పుడు రక్తం పలచబడుతుంది కూడా. కాబట్టి డిశ్చార్జి నాటికి 9.8 ఉండటం మామూలే. ఆ తర్వాత చూడకపోవడమే పొరపాటు. లెక్క చెబుతాను వినండి. మంచి రక్తం ఒక లీటరు పోతే దాంతో పాటు దాదాపు 500 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. మామూలు తిండి నుంచి ఒంటికి పట్టేది రోజుకు ఒకటి, రెండు మిల్లీగ్రాములే. ఇనుము కొరత ఉన్నప్పుడు పేగు కాస్త ఎక్కువే లాక్కుంటుంది గానీ, ఒక్క తిండితో ఆ గొయ్యి పూడాలంటే నెలలు పడుతుంది. అంటే మీవారు చెప్పిన ఐరన్ మాట కొట్టిపారేసేది కాదు. అక్క తెచ్చిన ఐదింటికన్నా దానికే ఎక్కువ అర్థముంది!

కానీ పరీక్ష చేయించకుండా మొదలుపెట్టొద్దు. కారణముంది. ఆపరేషన్ తర్వాత ఒంట్లో లోపలి వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్, ఉన్నన్నాళ్లూ కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా వదులుతుంది. అది పేగు దగ్గర తలుపు మూసేస్తుంది, నిల్వల్లో ఉన్న ఇనుమును కూడా బయటికి రానివ్వదు. పైగా ఇనుము నిల్వలు చెప్పే ఫెరిటిన్ ఆ వాపు వల్లే పెరిగి కనబడుతుంది. దాన్నొక్కదాన్నే చూసి, నిల్వలు బాగానే ఉన్నాయనుకుని వదిలేసిన వాళ్లను చాలామందిని చూశాను. అందుకని ఫెరిటిన్‌తో పాటు, రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండి ఉందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా అడిగి చేయించండి. అది 20 శాతం కన్నా తక్కువుంటే, ఫెరిటిన్ బాగున్నట్టు కనబడినా ఇనుము అందడం లేదని అనుమానించాలి.

కొరత తేలితే మాత్ర రోజూ కాకుండా రోజు విడిచి రోజు వేయొచ్చేమో డాక్టరును అడగండి. ఇవాళ వేసిన మాత్రకు హెప్సిడిన్ ఒక రోజు పాటు పెరిగి ఉంటుంది, రేపటి మాత్రను పేగు సరిగ్గా తీసుకోదు. మధ్యలో ఒక రోజు వదిలితే వేసినదాంట్లో ఎక్కువ వంతు ఒంటికి పడుతుంది, కడుపులో తిప్పడం, మలబద్ధకం కూడా తగ్గుతాయి. టీ, కాఫీ, కాల్షియం మాత్ర దానికి దూరంగా ఉంచండి. పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది కాబట్టి ఇనుము పట్టడాన్ని కూడా కొంత తగ్గిస్తుంది. అయినా దాన్ని మీరు ఆపకండి, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిసి కడుపులో పుండు పెట్టకుండా కాపాడుతున్నది అదే. నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే ఇంకా మాత్రలే మింగించుకుంటూ పోకండి. సెలైన్ ద్వారా ఇనుము ఎక్కించడమా, ఎక్కడైనా రక్తం కారుతోందేమో వెతకడమా అన్నది అప్పుడు తేల్చాలి.

ఇక్కడొక చిక్కుంది. ఐరన్ వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. కడుపులో రక్తం కారినా నల్లగానే అవుతుంది. రక్తం వల్ల అయ్యేది తారులా జిగటగా ఉండి ఘాటైన దుర్వాసన వస్తుంది. ఐరన్ మొదలుపెట్టకముందు రంగు ఎలా ఉందో ఒకసారి గమనించి పెట్టుకోమని నాన్నగారికి చెప్పండి. అడగడానికి మొహమాటంగా ఉంటుంది, నిజమే. కానీ రెండు రక్తం పలచబరిచే మందులు వాడుతున్న మనిషికి ఆ మొహమాటం పనికిరాదు.

రెండోది బి12. నాన్నగారు పన్నెండేళ్లుగా మెట్‌ఫార్మిన్ మీద ఉంటే అది పేగుల్లో బి12 పట్టడాన్ని తగ్గిస్తుంది. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు చాలా నెమ్మదిగా బయటపడుతుంది. అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు ఉన్నాయేమో అడగండి. షుగరు వల్లే అనుకుని వదిలేసినవాటిలో బి12 వంతు కూడా ఉండొచ్చు. తక్కువుంటే భర్తీ చేయడం సులువు. మామూలుగా ఉంటే మాత్రం ఇంజక్షన్లు పొడిచినా ఓపిక రాదు. బలం ఇంజక్షన్ అన్న మాట మీద మనవాళ్లకున్న నమ్మకం చూస్తే నాకు ముచ్చటేస్తుంది, ఒక్కోసారి కోపమూ వస్తుంది.

మూడోది థైరాయిడ్. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట అమియోడరోన్. ఆ మందులో అయోడిన్ చాలా ఉంటుంది. ఆపాక కూడా వారాలు, నెలల పాటు ఒంట్లో నిలుస్తుంది, థైరాయిడ్‌ను మందగింపజేయగలదు. అలా మందగిస్తే వచ్చేది అచ్చంగా ఈ నిస్సత్తువే. టీఎస్‌హెచ్ పరీక్ష తప్పక చేయించండి. దానికి ముందు అక్క తెచ్చిన బయోటిన్ మల్టీవిటమిన్ కనీసం మూడు రోజులు ఆపండి. బయోటిన్ మనిషికి రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు. జుట్టుకు, గోళ్లకు అని అమ్మే వాటిలో 5, 10 మిల్లీగ్రాములు ఉంటాయి, అంటే వందల రెట్లు. అంత బయోటిన్ రక్తంలో ఉంటే కొన్ని ల్యాబు యంత్రాలు తప్పుడు అంకెలు చూపిస్తాయి. మందగించిన థైరాయిడ్ చురుగ్గా ఉన్నట్టు కనబడొచ్చు. అంతకన్నా ప్రమాదం, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షలో అంకె తక్కువగా రావొచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరించింది. గుండె ఆపరేషన్ అయిన మనిషికి ట్రోపోనిన్ తప్పుగా రావడమంటే మాటలు కాదు.

విటమిన్ డి కూడా ఒకసారి చూడండి. 20 నానోగ్రాముల కన్నా తక్కువుంటే కండలు బలహీనపడి కూర్చున్నచోటి నుంచి లేవడానికే కష్టమవుతుంది, అప్పుడు డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోవాలి. గుండెకు మంచిదని ఊరికే మింగితే ఫలితం లేదు. దాదాపు 26 వేలమంది మీద జరిపి 2018లో ఫలితాలు బయటపెట్టిన వైటల్ అధ్యయనంలో రోజుకు 2,000 యూనిట్లు వేసుకున్నవాళ్లకు గుండె జబ్బులేమీ తగ్గలేదు. మరీ ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. అప్పుడు వచ్చే మొదటి లక్షణాల్లో ఒకటేమిటో తెలుసా? నీరసమే.

మందుల పెట్టెలో కూడా ఒక అనుమానితుడున్నాడు. మెటోప్రొలోల్ గుండె వేగాన్ని పట్టి ఉంచుతుంది. ఒంటికి అదనపు రక్తం కావలసినప్పుడు గుండె పరుగందుకోనివ్వదు, అందుకని మొదటి వారాల్లో కాళ్లకు రాళ్లు కట్టినట్టు ఉంటుంది. వేడినీళ్ల స్నానంలో రక్తనాళాలు వదులై బీపీ ఇంకాస్త దిగుతుంది. మంచం మీద కూర్చుని మాట రాకపోవడానికి ఇదే కారణం కావొచ్చు. కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ రెండు, మూడు నిమిషాలకు ఒకసారి బీపీ, నాడి చూసి వారం రోజులు కాగితం మీద రాయండి. ఆ కాగితం చూస్తే మీ గుండె డాక్టరు మోతాదు తగ్గించొచ్చు, వేళ మార్చొచ్చు. మీరు మాత్రం ఒక్క పూట కూడా చటుక్కున ఆపకండి, గుండె ఎదురు తిరుగుతుంది. ఈలోగా స్నానాల గదిలో ఒక స్టూలు వేయండి, నీళ్లు గోరువెచ్చగా ఉండనివ్వండి. ఏ మాత్రా అక్కర్లేని ఈ పనికే కొందరిలో తేడా ఒక్కరోజులో కనబడుతుంది.

ఇక ఆ ఐదు సీసాలు. వాటిలో నేను ఉంచమనేది ఒక్కటే, ప్రొటీన్ పొడి. అది కూడా షరతు మీద. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే కాళ్లలోనే దాదాపు కిలో కండ కరిగిపోయిందని ఒక పరిశోధనలో తేలింది. నాన్నగారికి కోత, వాపు, తిండి సయించకపోవడం అన్నీ కలిశాయి. ఆ ఆరు కిలోల్లో కొవ్వెంతో కండెంతో గానీ, మెట్లెక్కలేకపోతున్నారంటే కండ వంతు తక్కువేం కాదు. కోలుకునే మనిషికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 58 కిలోలకు 70 నుంచి 87 గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసుడు పాలలో ఆరేడు, వండిన పప్పు వంద గ్రాముల్లో తొమ్మిది, చేపో కోడిమాంసమో వండినది వంద గ్రాములైతే పాతిక దాకా. ఇలా మీరే లెక్కేసుకుని చూడండి, రెండు ముద్దలు తిని చేయి కడిగేసే మనిషికి ఎంత లోటు ఉంటుందో. వయసు పైబడిన కండకు ఒక్క పూటలో 25 నుంచి 30 గ్రాములు అందితేనే కదలిక వస్తుంది. అందుకని రాత్రికి అంతా కుమ్మరించకుండా మూడు పూటలకూ పంచండి. తిండితో పూడని భాగానికే పొడి. క్రియాటినిన్ చూపించి మూత్రపిండాలు బాగున్నాయని తెలుసుకున్నాకే మొదలుపెట్టండి. సీసా వెనక చక్కెర ఎంతుందో, కండ కోసమని వాడే క్రియాటిన్ కలిపారేమో చదవండి. క్రియాటిన్ ఉంటే పరీక్షలో క్రియాటినిన్ పెరిగి కనబడి అందరినీ హడలగొడుతుంది.

కోఎంజైమ్ క్యూ10 మీద నాకు పగేం లేదు. కణాల్లో శక్తి తయారయ్యే చోట అది ఉండేమాట నిజం, స్టాటిన్లు, అంటే అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందులు, రక్తంలో దాన్ని తగ్గించేమాటా నిజమే. 2014లో వచ్చిన క్యూ-సింబియో అనే అధ్యయనంలో 420 మందిలో సగం మందికి రోజుకు మూడుసార్లు వంద మిల్లీగ్రాముల చొప్పున రెండేళ్లు ఇస్తే గుండెకు సంబంధించిన పెద్ద ప్రమాదాలు 26 శాతం నుంచి 15 శాతానికి తగ్గాయి. అమ్మేవాళ్లు ఇంతవరకే చెబుతారు. వాళ్లంతా గుండె బలహీనపడి, కొద్దిపాటి పనికే ఆయాసపడే రోగులు. నాన్నగారి పంపింగ్ 55 శాతం, ఆయన గుండె ఆ గుండె కాదు. స్టాటిన్ వల్ల కాళ్లు పీకుతున్నాయనిపిస్తే డాక్టరుతో చెప్పి మోతాదో మందో మార్పించుకోవచ్చు. క్యూ10 ఆ నొప్పి తగ్గిస్తుందా అంటే ఫలితాలు ఒక్కో చోట ఒక్కోలా వచ్చాయి. హాని తక్కువ, ఆశ కూడా తక్కువే.

చేపనూనె ఆపేయండి. గుండె ఆపరేషన్ తర్వాత లయ తప్పకుండా కాపాడుతుందని ఆశపడి 1,516 మంది మీద ఒపెరా అనే అధ్యయనం చేశారు, 2012లో ఫలితం తేలింది: తేడా లేదు. తర్వాత పెద్ద మోతాదులు ఇచ్చిన అధ్యయనాల్లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పుడు కాస్త పెరిగింది కూడా. నాన్నగారికి ఒకసారి లయ తప్పింది, మళ్లీ ఆ దారికి ఎందుకు పిలవడం? చేప తినడం వేరు, అది నిక్షేపంగా తినొచ్చు. విటమిన్ ఇ సంగతి ఇంకా పాతది. రోజుకు 400 యూనిట్లు వేసిన హోప్ అధ్యయనం 2000లో లాభం లేదంది. అదే రోగులను ఇంకొన్నేళ్లు గమనించి, 2005లో, గుండె వైఫల్యం కొంచెం ఎక్కువైందని చెప్పింది.

మూలికల క్యాప్సూళ్లను నేను వద్దంటే, ఇంగ్లీషు డాక్టరు కదా అలాగే అంటాడు అనుకోవద్దు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచినట్టు, కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు వైద్యులు నమోదు చేశారు. అమియోడరోన్ వాడి ఆపి, స్టాటిన్ వేసుకుంటున్న మనిషిలో థైరాయిడో, కాలేయం పరీక్షో తేడాగా వస్తే దోషం దేనిదో తేల్చలేక చస్తాం. అతిమధురం కలిసిన క్యాప్సూళ్లైతే బీపీ పెంచి పొటాషియం దించుతాయి, అప్పుడు లయ తప్పే ప్రమాదం. జింకో, వెల్లుల్లి సారం ఉంటే క్లోపిడోగ్రెల్ మీద రక్తస్రావం పెరగొచ్చు.

గుండె కవాటం మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక్క మాట. మీ విషయంలో మల్టీవిటమిన్ కూడా చిన్న విషయం కాదు, అందులో విటమిన్ కె ఉంటే, ఆ మందు ఎంత పనిచేస్తోందో చెప్పే ఐఎన్‌ఆర్ అంకె పడిపోతుంది. క్యూ10, జిన్సెంగ్ కూడా మందు పట్టును తగ్గించొచ్చు. కొత్త సీసా తెరిచినా, పాతది మానేసినా వారంలోపు ఐఎన్‌ఆర్ చూపించుకోండి.

మళ్లీ నాన్నగారి దగ్గరికి. ఏ పొడైనా కండగా మారాలంటే ఆ కండకు పని పడాలి. గుండె రోగుల వ్యాయామ పునరావాస కేంద్రం, అంటే కార్డియాక్ రిహాబ్, అందుబాటులో ఉంటే చేర్పించండి. నీరసం తగ్గించడంలో దానికున్నంత బలమైన రుజువు ఆ ఐదు సీసాల్లో దేనికీ లేదు. లేకపోతే డాక్టరును అడిగి, రోజుకు మూడుసార్లు, నడుస్తూ మాట్లాడగలిగే వేగంలో ఐదేసి నిమిషాలు మొదలుపెట్టి, రెండు మూడు రోజులకొక నిమిషం చొప్పున పెంచండి. ఓపిక ఉన్న రోజు అరగంట నడిచి మర్నాడు మంచం పట్టే పద్ధతి వద్దు. రోజూ ఒకే కొలత.

ఇంకోటి, మీరు అడగలేదు, నేనే అడుగుతున్నాను. నాన్నగారు పేపరు చదువుతున్నారా? మనవలొస్తే పలకరిస్తున్నారా? తెల్లవారుజామున మూడింటికే మెలకువొచ్చి పైకప్పు చూస్తున్నారా? గుండె ఆపరేషన్ తర్వాత మనాది పెట్టుకునేవాళ్లు అయిదుగురిలో ఒకరన్నా ఉంటారు. మగవాళ్లు దిగులుగా ఉందని చెప్పరు, నీరసంగా ఉందంటారు. ఉన్నట్టనిపిస్తే దానికి చికిత్స ఉందని డాక్టరు దగ్గర ఆయన ముందే ఎత్తండి, చాటుగా వద్దు.

వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరగడం, కాళ్ల వాపు, జ్వరం, రొమ్ము ఎముక కటకటమనడం, గాయం తడవడం, గుండె దడదడలాడటం, తారులాంటి విరేచనం... వీటిలో ఏది కనబడినా ఈ ఉత్తరం పక్కన పడేసి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఛాతీ నొప్పి గానీ స్పృహ తప్పడం గానీ అయితే అదే రోజు కాదు, అదే నిమిషం.

అక్కయ్య సంగతికొస్తే, ఆవిడ తెచ్చింది ప్రేమతో. సీసాలు వెనక్కిచ్చి ఆవిడను చిన్నబుచ్చకండి. ప్రొటీన్ పొడి ఉంచుకున్నామని ముందు చెప్పండి, మిగతావి రక్త పరీక్షలు వచ్చేదాకా డాక్టరు ఆపమన్నాడని చెప్పండి. నెపం నా మీద పెట్టేయండి. ఆ పరీక్షలకు నాన్నగారిని తీసుకెళ్లే బాధ్యత ఆవిడకే అప్పజెప్పండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, బి12, విటమిన్ డి, టీఎస్‌హెచ్, సోడియం, పొటాషియం, క్రియాటినిన్, లివర్ పరీక్ష, మూడు నెలల షుగరు. ఈ వరస ఒక చీటీ మీద రాసి ఆవిడ చేతికివ్వండి. ఫలితాలొచ్చాక నాకు మళ్లీ రాయండి, బీపీ కాగితం కూడా జతచేసి.